కొత్త లాప్‌టాపు ఉన్నట్టుండి నీలితెర వేస్తే

పాలు పోసే వేళకు లాప్‌టాపు పడిపోతే సంఘంలో ఏమవుతుందో కార్యదర్శులకు వేరే చెప్పనక్కరలేదు. వరుస ఆగిపోతుంది. బయట పాలబండి హారను కొడుతూ ఉంటుంది. తెర మీద నీలం రంగు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు తప్ప మరేమీ ఉండదు. కాసేపటికి యంత్రం తానే లేచి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ పనిచేస్తుంది. మరునాడు పడదు. ఆ మరునాడూ పడదు. ఇక బాగుపడిందిలే అనుకున్న సాయంత్రం మళ్ళీ పడుతుంది.

ఇటీవల మేము ఒక సంఘానికి వెళ్ళినపుడు సరిగ్గా ఇదే జరుగుతోంది. లాప్‌టాపు కొని మూడు వారాలయింది. అప్పటికి ఆరుసార్లు పడింది. ఒకసారి ఒక సభ్యురాలి పాలు తూకం వేసి, వెన్న శాతం చూసి, నమోదు చేస్తూ ఉండగా పడింది. లేచాక ఆమె పేరు మీద ఆ పూట పాలు లేవు. ఆ రద్దీలో ఎవరూ గమనించలేదు. ఒక్క గేదె మీద నడిచే ఇల్లు అది. పదిరోజుల బిల్లులో ఒక పూట తగ్గింది. ఆమె పైకి ఏమీ అనలేదు గాని ఊళ్ళో అనేవారు అన్నారు. కార్యదర్శి మాతో మొదట మాట్లాడింది లాప్‌టాపు గురించి కాదు, ఆ మాట గురించే. "ఇన్నేళ్ళు చేత్తో వ్రాశానండి, ఒక్క లీటరు తేడా రాలేదు. ఇప్పుడు యంత్రం మింగిన పాలకు నేను దొంగనయ్యాను" అన్నారు.

కారణాలు చెప్పేవారికి కొదవ లేదు. కరెంటు అని ఒకరు, తూకం యంత్రం తీగ అని ఒకరు, అధ్యక్షులవారి మనుమడు ఆటలు ఆడాడని ఒకరు. అమ్మిన దుకాణం నుండి వచ్చిన కుర్రవాడు విండోస్‌లో ఏదో సవరించి వెళ్ళాడు. రెండు రోజులు బాగానే ఉండి మూడో రోజు పడింది.

సభ్యులు ముందుగా ఒక సంగతి గ్రహించాలి. నీలితెర జబ్బు కాదు. జబ్బు కనిపెట్టి యంత్రం తనంతట తాను పని ఆపివేయడం. క్యాను మూత తీయగానే పులుపు వాసన తగిలితే టెస్టరు ఏం చేస్తాడు? ఆ పాలను టాంకులో పడనివ్వడు. విండోస్ కూడా అంతే. తన లోపలి లెక్క తప్పిందని తెలియగానే, ఆ తప్పును డిస్కు మీద వ్రాసి మిగిలిన ఖాతాలు కూడా పాడుచేయడం కన్న ఆగిపోవడం మేలని ఆగిపోతుంది. ఆగేటపుడు ఎందుకు ఆగిందో ఒక పేరు చూపుతుంది. దానిని స్టాప్ కోడ్ అంటారు. మిథిలీన్ బ్లూ పరీక్షలో నీలం త్వరగా పోతే పాలు చెడ్డవని మన టెస్టర్లకు తెలుసు. ఇక్కడ నీలం వస్తేనే చెడ్డ. 2025లో వచ్చిన అప్‌డేట్లతో విండోస్ 11లో ఈ తెర నల్లగా మారింది. మేము చూసిన యంత్రానికి ఆ అప్‌డేటు ఎక్కలేదు కనుక నీలమే వచ్చింది. రంగు ఏదయినా సంగతి ఒకటే.

"ఆరుసార్లు పడినపుడు ఏ పేరు చూపింది?" అని అడిగాము. ఎవరికీ గుర్తు లేదు. అందుకు వారిని తప్పు పట్టలేము. పాలు ఎదురుగా పెట్టుకుని ఇంగ్లీషు చదివే తీరిక ఎవరికుంటుంది? అయితే ఆ పేరు పోలేదు. విండోస్‌లో వెదికే గడిలో రిలయబిలిటీ అని ఇంగ్లీషు అక్షరాలతో కొడితే రిలయబిలిటీ హిస్టరీ అనే పట్టీ తెరుచుకుంటుంది. ఏ తేదీన ఏ వేళకు యంత్రం పడిందో అందులో ఎర్ర గుర్తులతో ఉంటుంది. గుర్తు మీద నొక్కి వివరం చూస్తే పేరుకు బదులు అంకె కనిపించవచ్చు. మెమరీ మేనేజ్‌మెంట్ అనే కోడ్‌కు 1ఏ, పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా అనే దానికి 50, ఇలా.

ఒక పాత నోటుపుస్తకం తెప్పించి గీతలు గీశాము. తేదీ, వేళ, కోడ్, అప్పుడు ఏ పని జరుగుతోంది, యంత్రానికి ఏమేమి తగిలించి ఉన్నాయి, ఛార్జరు ఉందా లేదా. ఆరుసార్ల సంగతీ నింపాము. నింపగానే ఊరి మాటల్లో సగం ఎగిరిపోయాయి. రెండుసార్లు తూకం యంత్రం తీగ తగిలించే లేదు. ఒకసారి రాత్రి ఎవరూ ముట్టకుండా ఉన్నపుడే పడింది. ఇక కరెంటు మాటకు వస్తే, లాప్‌టాపులో బ్యాటరీ ఉంటుంది కనుక ఓల్టేజి తగ్గినంత మాత్రాన నీలితెర సాధారణంగా రాదు. వేడెక్కిన యంత్రం కూడా చాలాసార్లు నీలితెర వేయకుండానే టప్పున ఆరిపోతుంది. అలాగని దాణా బస్తా మీద పెట్టి వాడవచ్చని కాదు. అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతాయి.

మాకు అసలు అనుమానం కలిగించింది కోడ్‌ల గడి. ఆరుసార్లలో నాలుగు వేరువేరు పేర్లు ఉన్నాయి. ఒకే పేరు మళ్ళీ మళ్ళీ వస్తే, దాని పక్కన ఒకే ఫైలు పేరు కనిపిస్తే, ఏదో ఒక డ్రైవరును అనుమానించాలి. డ్రైవరు అంటే ప్రింటరు, వైఫై వంటి పరికరాలతో విండోస్‌ను మాట్లాడించే చిన్న ప్రోగ్రాము. పడిన ప్రతిసారీ పేరు మారుతూ ఉంటే ముందు చూడవలసింది మెమరీని, అంటే ర్యాంను.

ఎందుకో చెబుతాము. ఒక సంఘంలో ఇరవై క్యాన్లు ఉన్నాయనుకోండి. వాటిలో ఒకదానికి అడుగున కంటికి ఆనని చిల్లు ఉంది. ఏ రోజు ఏ సభ్యుని పాలు ఆ క్యానులో పడతాయో ఎవరూ చెప్పలేరు. ఇవాళ ఒకరి పాలు తగ్గుతాయి, రేపు ఇంకొకరివి. ఆ క్యాను వాడని రోజున ఎవరివీ తగ్గవు. పాలు తగ్గినవారి పేర్లు మాత్రమే వ్రాసుకుంటూ పోతే దొంగ ఎవరో ఎన్నటికీ తేలదు. క్యాను నంబరు వ్రాసుకుంటే రెండు రోజులలో తేలుతుంది. ర్యాం కూడా అటువంటి క్యాన్ల వరుసే. 8 జీబీ పలకలో 6,870 కోట్లకు పైగా గళ్ళు ఉంటాయి. ఒక్కొక్క గడి ఒక సున్నానో ఒకటినో పట్టుకుని ఉండాలి. వాటిలో ఏ కొన్ని గళ్ళు సరిగా పట్టకపోయినా చాలు. ఈ పూట అందులో పాల నమోదు ప్రోగ్రాము పడితే ఒక కోడ్ వస్తుంది, రేపు వైఫై డ్రైవరు పడితే మరో కోడ్ వస్తుంది. ఏ ముఖ్యమైన పనీ అక్కడ పడకపోతే వారం రోజులు ఏమీ రాదు. విండోస్‌ను ఎన్నిసార్లు కొత్తగా ఎక్కించినా చిల్లు క్యాను చిల్లు క్యానే కదా.

లాప్‌టాపులో ఎంత ర్యాం ఉందని అడిగితే, కంపెనీ నుండి 8 జీబీ వచ్చిందని, వేగంగా ఉంటుందని చెప్పి దుకాణంలో మరో 8 జీబీ పలక చేర్చారని తెలిసింది. ఆ మాట మొదటే ఎవరైనా చెప్పి ఉంటే ఒక పూట ఆదా అయ్యేది.

ముందుగా ఖాతాలన్నీ పెన్‌డ్రైవులోకి నకలు తీశాము. ఈ పని చేయకుండా ఎవరూ ఏ పరీక్షా మొదలు పెట్టవద్దు. సాయంత్రం పాలు అయిపోయాక ఛార్జరు తగిలించి, విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అనే పరీక్ష పెట్టాము. ఇది విండోస్‌తోనే వస్తుంది, విడిగా కొననక్కరలేదు. యంత్రం ఒకసారి ఆగి లేచి పరీక్ష మొదలుపెడుతుంది. అప్పుడు ఎఫ్1 మీట నొక్కి ఎక్స్‌టెండెడ్ అనే పెద్ద పరీక్షను ఎంచుకోవాలి. మామూలు పరీక్షకు దొరకని లోపం దీనికి దొరకవచ్చు. గంటలకొద్దీ పడుతుంది కనుక రాత్రి పెట్టి వెళ్ళడం మేలు. ఇంకా గట్టిగా చూడదలచినవారు మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామును పెన్‌డ్రైవు నుండి నడపవచ్చు. ర్యాంలో తప్పు ఒక్కటి కనిపించినా లోపం ఉన్నట్టే. పాలలో నీళ్ళ మాదిరి కాస్త పరవాలేదనే మాట ఇక్కడ లేదు.

తెల్లవారి చూస్తే మెమరీలో లోపం ఉందని వచ్చింది. ఏ పలకలో ఉందో ఆ పరీక్ష చెప్పదు. అందుకని, తెరిస్తే గ్యారంటీ పోదని కంపెనీవారిని ఫోనులో అడిగి తెలుసుకున్న తరువాత, దుకాణం మనిషి చేతనే మూత తీయించాము. కంపెనీ పలకను ఒక్కదానిని ఉంచి పరీక్షించాము. తప్పు లేదు. అదే గాడిలో చేర్చిన పలకను ఒక్కదానిని పెట్టి పరీక్షించాము. తప్పులు వరుసగా వచ్చాయి. రెండో గాడిలో దోషం లేదని రూఢి చేసుకోవడానికి కంపెనీ పలకను అందులో కూడా పెట్టి చూశాము. బాగానే ఉంది. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది కారణమో తెలియదు కనుక ఇంత చాదస్తం. దుకాణదారు మొదట విండోస్ తప్పే అన్నాడు గాని, నోటుపుస్తకం, పరీక్ష తెర ఫోటోలు ముందుంచిన తరువాత మారు మాట్లాడకుండా వేరే పలక ఇచ్చాడు. దానిని కూడా రాత్రంతా పరీక్షించాకే పాల దగ్గరకు తెచ్చాము. కొన్ని పలుచటి లాప్‌టాపులలో ర్యాం బోర్డుకే అతికి ఉంటుంది. అటువంటివాటిలో లోపం తేలితే గ్యారంటీ కింద బోర్డు మార్పించుకోవడమే.

అన్ని నీలితెరలకూ ర్యామే కారణం కాదు. మూత వేసి మళ్ళీ తెరిచినపుడల్లా పడుతూ, డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్, అంటే 9ఎఫ్, అని వస్తూ ఉంటే డ్రైవరును చూడాలి. లాప్‌టాపు కంపెనీవారి వెబ్‌సైటులో ఆ మోడలుకే ఇచ్చిన డ్రైవర్లు వేయాలి. పాత తూకం యంత్రాన్ని కలిపే యూఎస్‌బీ తీగలకు ఎక్కడెక్కడి డ్రైవర్లో వేస్తూ ఉంటారు, అవి కూడా అనుమానించదగినవే. 124 అనే కోడ్ వస్తే లోపం చాలావరకు యంత్రపు భాగాలలోనే ఉంటుంది, సర్వీసు కేంద్రానికి పంపడం మంచిది. ఒక్కొక్కసారి పైనుండి వచ్చిన అప్‌డేటే ముంచుతుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేరుకు వచ్చిన తప్పుడు అప్‌డేటు వల్ల ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు.

రెండు జాగ్రత్తలు మరువవద్దు. కొత్త లాప్‌టాపులలో చాలావాటికి డిస్కు తాళం ముందే వేసి ఉంటుంది. బోర్డు మార్చినపుడు, బయోస్ అప్‌డేటు చేసినపుడు అది 48 అంకెల బిట్‌లాకర్ కీ అడగవచ్చు. ఆ కీ లేకపోతే ఖాతాలు లోపలే ఉండిపోతాయి. ఇప్పుడే చూసి కాగితం మీద వ్రాసి సంఘం బీరువాలో పెట్టండి. ఇక రెండవది. ఇంటర్నెట్ చూస్తూ ఉండగా నీలం తెర వచ్చి, ఫలానా నంబరుకు ఫోను చేయండి అని ఉంటే అది మోసం. విండోస్ వేసే నీలితెర మీద ఫోను నంబరు ఉండదు. ఫోను చేసినవారి చేతే లాప్‌టాపు తెరిపించి బ్యాంకు డబ్బు లాగుతారు.

సభ్యురాలి పాల సంగతి చెప్పడం మరిచాము. ఆ పూట బండికి ఎక్కిన క్యాన్ల మొత్తానికి, లాప్‌టాపులో నమోదయిన మొత్తానికి నాలుగు లీటర్ల పైచిలుకు తేడా ఉన్నట్టు బండి చీటీలో కనబడింది. ఆమె మామూలుగా పోసేది కూడా అంతే. పాలకవర్గం కూర్చుని, ఆమె ముందు పూట వెన్న శాతం లెక్కన, తరువాతి బిల్లులో ఆ పాల డబ్బు కలిపి ఇచ్చింది. ఎందుకు తగ్గిందో, ఎందుకు కలిపారో నోటీసు బోర్డు మీద కార్యదర్శి తన చేత్తోనే వ్రాసి అంటించారు.