ఎలర్జీ గుట్టు – మానవ ప్రతిరక్షకాలు

వేరుశనగ మనలో చాలామందికి బలవర్ధకమైన ఆహారం. కొందరికి మాత్రం ఒక్క గింజ ప్రాణాంతకం కావచ్చును. పదార్థం ఒక్కటే అయినప్పుడు ఈ భేదం ఎక్కడ ఉన్నది?

తినేవారి రక్తంలోనే ఉన్నదని 1921లో జర్మనీలో ప్రౌస్నిట్జ్, కుస్ట్‌నర్ అనే శాస్త్రజ్ఞులు నిరూపించారు. కుస్ట్‌నర్‌కు చేప సరిపడదు. ఆయన రక్తరసిని ప్రౌస్నిట్జ్ తన చర్మంలోనికి ఎక్కించుకొని, మరునాడు అదే చోట చేపసారాన్ని ఎక్కించుకొనగా అక్కడ దద్దురు లేచినది. రక్తరసిలోని ఆ కారకం 'ఐజీఈ' అనే ప్రతిరక్షకమని 1966-67లలో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో జోహాన్సన్, బెన్నిచ్ వేర్వేరుగా కనుగొన్నారు.

ప్రతిరక్షకాలు రోగక్రిములను పట్టి ఇచ్చే కావలివాండ్ర వంటివి. ఎలర్జీలో ఈ కావలి దారి తప్పుతుంది. ఐజీఈ మన కణజాలంలోని మాస్ట్ కణాలను అంటిపెట్టుకొని ఉంటుంది. సరిపడని ప్రోటీను అణువొకటి వచ్చి, ప్రక్కప్రక్కనున్న రెండు ఐజీఈలను ఒకేసారి కలిపినప్పుడు ఆ కణాలు హిస్టమిన్‌ను వెలువరిస్తాయి. దురద, దద్దురు, ఆయాసం దాని ఫలితాలే. కనుక ఐజీఈలు ఆ అణువును ఏయే చోట్ల పట్టుకొంటున్నవో ముందుగా తెలియాలి.

తెలుసుకొనే మార్గమేమి? 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఎలుక ప్రతిరక్షక కణాన్ని క్యాన్సర్ కణంతో సంధించి, ఒకే రకపు ప్రతిరక్షకాన్ని ఎడతెగకుండా తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. కాని ఎలుక శరీరం గుర్తించిన చోటునే మానవ శరీరమూ గుర్తిస్తుందన్న నియమం లేదు. రోగి ఐజీఈయే కావాలి. రక్తంలోని ప్రతిరక్షకాలలో అది అత్యల్పం. దానిని తయారుచేసే కణాలు మరీ అరుదు. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ అవరోధాన్ని దాటి, రోగుల కణాల నుండే ఐజీఈలను తయారుచేయగలిగారు. ఆస్పర్జిల్లస్ అనే బూజు సరిపడనివారి నుండి ఇట్లు లభించిన ఐజీఈలతో, బజారులో అమ్మే బూజు సారాలను వారు పరీక్షించారు. ఎలర్జీ కలిగించే ప్రోటీనుల పాళ్లు అన్ని సారాలలో ఒకే తీరుగా లేవని 2018లో ప్రకటించారు.

ఇది చిన్న సంగతి కాదు. సారంలో లేని ప్రోటీనును చర్మపరీక్ష పట్టలేదు. బాధపడుతున్న మనిషిని 'ఏమీ లేదు' అని ఇంటికి పంపే ప్రమాదం ఉన్నది. ఐజీఈ పట్టుకొనే చోట్లు తెలిస్తే, వాటిని ముందే కప్పివేసే మందులకూ దారి ఏర్పడుతుంది.

'ఒంటికి పడలేదు' అని మనం తేలికగా అనే మాటలో 'ఏది, అందులో ఏ చోటు' అన్న ప్రశ్న దాగి ఉన్నది. సమాధానాన్ని రోగి రక్తంలోనే వెదకాలని ఈ పరిశోధనలు మనకు తెలుపుతున్నవి.