పొడుగు తీగయు, మసక బొమ్మయు

మా పాఠశాల కంప్యూటరు గదిలో మానిటరు ఉపాధ్యాయుని బల్లమీద నుండుటచే వెనుక వరుసల విద్యార్థులకు అక్షరములు సరిగా కానవచ్చెడివి కావు. అందువలన మేము దానిని గోడకు ఎత్తుగా అమర్చి, 2 మీటర్ల కేబిలునకు మారుగా 15 మీటర్ల కేబిలును తగిలించితిమి. మరునాడు చూడగా ప్రతి అక్షరమునకును కుడిప్రక్క నొక నీడ యుండెను. ముందుదినమున తెర తుడిచిన బాలుడు దానిని పాడుచేసెనని కొందరనిరి. క్రొత్త మానిటరు కొనక తప్పదని మరికొంద రనిరి. మేమును ఆ బాలుని కఠినముగానే ప్రశ్నించితిమి. తుదకు మానిటరును దింపి పాత కేబిలును తగిలించి చూడగా నీడ మాయమయ్యెను! దోషము బాలునిది కాదు, మానిటరుదియు కాదు; తీగది.

దీనికి కారణ మేమి? మేము వాడినది వీజీఏ కేబిలు. 1987లో ఐ.బి.ఎం. కంపెనీవారు వెలువరించిన ఈ పద్ధతిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వర్ణముల వెలుగు హెచ్చుతగ్గులు విద్యుత్సంకేతములుగా మూడు తీగలగుండ పోవును. మా తెరమీద అడ్డముగా 1024, నిలువుగా 768 బిందువులు గలవు. తెర సెకనునకు 60 మారులు నిండవలెను. వరుసకును వరుసకును నడుమ నుండు విరామమును కూడ చేర్చిన, సెకనునకు 6 కోట్ల 50 లక్షల బిందువుల లెక్క వచ్చును. అనగా ఒక్కొక్క బిందువునకు దక్కు కాలము సుమారు 15 నానోసెకనులే. నానోసెకననగా సెకనులో నూరుకోట్లవ వంతు.

కేబిలునకును దాని కొనలయందలి పరికరములకును చక్కగా పొత్తు కుదరనిచో, బావిలో వేసిన కేకవలె సంకేతములో కొంత భాగము ప్రతిధ్వనించును. అది మానిటరునుండి కంప్యూటరునకు మరలి, అచ్చటినుండి తిరిగి మానిటరునకు వచ్చును. కేబిలులో సంకేతము నానోసెకనునకు ఇంచుమించు 20 సెంటీమీటర్లు పోవును. 15 మీటర్ల కేబిలులో రాకపోకలు 30 మీటర్లు. పట్టు కాలము 150 నానోసెకనులు. కనుక నీడ 10 బిందువుల దూరమున పడినది. 2 మీటర్ల కేబిలులోనైనచో ఆలస్యము 20 నానోసెకనులే. నీడ అక్షరములోనే కలిసిపోవును. ఇదియుగాక, తీగ పొడవైనకొలది వేగముగా మారు సంకేతములు ఎక్కువగా క్షీణించును. సన్నని గీతలు అలికినట్లగును.

హెచ్.డి.ఎం.ఐ. కేబిలు తీరు వేరు. అందు బొమ్మ సున్నలు, ఒకట్లుగా పోవును. 1920 అడ్డము, 1080 నిలువు బిందువుల తెరకు ఒక్కొక్క వర్ణపు తీగజతలో సెకనునకు 148 కోట్ల 50 లక్షల అంకెలు పోవలెను. కనుక కొంత పొడవువరకు బొమ్మ నిర్దోషముగానే యుండి, ఆ మీదట తెల్లని చుక్కలు మిణుకుమనుట, తెర నడుమనడుమ నల్లబడుట, తుదకు బొమ్మయే రాకపోవుట సంభవించును.

ఇట్టి చిక్కు కలిగినపుడు మొదట పొట్టి కేబిలుతో పరీక్షింపవలెను. చిక్కు తీరిన, తప్పు తీగదే. తీరనిచో మరియొక మానిటరు తగిలించి చూడవలెను. ప్లగ్గు వదులైనదేమో, అందలి సూదులు వంగినవేమో పరికింపవలెను; వీజీఏ తెర పసుపుపచ్చగా మారినచో నీలవర్ణపు తీగ తెగినదని ఊహింపవచ్చును. పిమ్మట బిందువుల సంఖ్యను తగ్గించి చూడవలెను. తక్కువ భారమును పొడుగు తీగయు మోయగలదు. రెండు కేబిళ్లను అతికినచో, ఆ అతుకు తీసి ఒకే కేబిలు వాడవలెను. పొడుగు తప్పనిచోట మందమైన మంచి కేబిలునో, హెచ్.డి.ఎం.ఐ. యైనచో సంకేతమునకు బలమిచ్చు కేబిలునో కొనవలెను. ఈ బలమిచ్చు కేబిళ్లకు దిక్కు గలదు. మానిటరు కొన యని గుర్తు వేసిన కొనను మానిటరునకే తగిలింపవలెను. అన్నిటికంటె సులువైన యుపాయము కంప్యూటరునే మానిటరు దగ్గరకు జరుపుట. మేము చేసినది అదియే, ఖర్చు కాలేదు.

ఒకమారు ఒక్క వస్తువునే మార్చి చూడవలెను. రెండు మార్చినచో ఏది దోషియో తెలియదు. ఈ నియమమును తరగతిలో ఎన్నిమారులో బోధించిన మేము, అవసరము వచ్చినపుడు మరచి, పరీక్షకు ముందే తీర్పు చెప్పితిమి. మరునాడు తరగతి యెదుటనే ఆ బాలునితో మా తప్పు ఒప్పుకొంటిమి. ఆ పొడుగు కేబిలును చుట్టి బీరువాలో నుంచితిమి. ఈ పాఠము చెప్పునపు డెల్ల దానినే బయటికి తీయుచున్నాము.