ఇంజను నాడి

నల్లమల అంచున ఉన్న పుల్లలచెరువు నుండి కారులో శ్రీశైలం వెళ్లేవారు యర్రగొండపాలెం మీదుగా దోర్నాల చేరి, అక్కడ ఘాట్ రోడ్డు ఎక్కుతారు. ఒకప్పుడు అద్దెకారు అంటే అంబాసిడరే. అటువంటి పాతకారు ఒకటి దోర్నాల వరకు చక్కగా సాగి, ఎత్తు మొదలుకాగానే తడబడిందనుకుందాం. గేరు తగ్గించినా బండి లాగదు. వెనుక సైలెన్సరులో టప్పుటప్పుమని చప్పుడు. మెకానిక్కులు దీనినే ‘మిస్సింగ్’ అంటారు. పులుల అభయారణ్యం గుండా పోయే ఆ దారిలో రాత్రి రాకపోకలను అనుమతించరు. పొద్దు వాలుతున్న వేళ, కారునిండా జనంతో ఉన్న డ్రైవరుకు ఆ చప్పుడు గుండెదడ పుట్టిస్తుంది.

అంబాసిడర్ పెట్రోలు ఇంజనుకు ఒక ఘనమైన చుట్టరికం ఉంది. 1955లో ఇంగ్లండులో వెలువడిన ‘ఎం.జి.ఏ.’ అనే స్పోర్ట్స్ కారులోనూ ఇదే కుటుంబానికి చెందిన 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనును అమర్చారు. ఆ కారుకు రెండు కార్బురేటర్లు, ఎక్కువ వేగం. అంబాసిడర్‌కు ఓపిక ఎక్కువ. కలకత్తా సమీపంలోని ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. అయినా, అక్కడి స్పోర్ట్స్ కారులో మిస్సింగ్ వచ్చినా, ఇక్కడి అంబాసిడర్‌లో వచ్చినా కారణాన్ని వెదికే తీరు ఒక్కటే.

ఈ ఇంజనులో నాలుగు సిలిండర్లు ఉంటాయి. ప్రతి సిలిండరులోనూ పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం పిస్టను ఒత్తిడికి లోనై, సరిగ్గా ఆ క్షణాన ప్లగ్గు మొన వద్ద పుట్టిన నిప్పురవ్వతో మండుతుంది. ఒకటి, మూడు, నాలుగు, రెండు అన్న వరుసలో సిలిండర్లు మండుతాయి. ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంటే సెకనుకు నూరు నిప్పురవ్వలు కావాలి. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు మాత్రమే. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు విడివడిన ప్రతిసారీ కాయిల్ దానిని వేల వోల్టులకు పెంచుతుంది. తిరిగే రోటారు ఆ విద్యుత్తును వంతులవారీగా నాలుగు ప్లగ్గులకు పంచుతుంది. ఈ గొలుసులో ఒక్క కొక్కెం జారినా ఒక సిలిండరు మూగబోతుంది. అందులో మండని పెట్రోలు సిలిండరు గోడలపై ఉన్న నూనెను కడిగివేస్తుంది. కొంత సైలెన్సరులోకి పోయి అక్కడ మండుతుంది. వినిపించే చప్పుడు దానిదే.

మైదానంలో దాగిన దోషం ఎత్తులోనే ఎందుకు బయటపడుతుంది? బరువు లాగేటప్పుడు సిలిండరులోకి మిశ్రమం ఎక్కువగా చేరుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగినకొద్దీ నిప్పురవ్వ దూకడానికి మరింత ఎక్కువ వోల్టేజి అవసరమవుతుంది. అప్పుడు ఆ విద్యుత్తు తనకు సులభమైన మరో దారిని వెదుక్కుంటుంది. చిట్లిన వైరు, తేమ పట్టిన మూత, సన్నని బీట - ఏదైనా దానికి చాలు.

తొందరపడేవారు ముందుగా కార్బురేటరు విప్పుతారు. విప్పి, కడిగి, బిగించి కూలి తీసుకున్న తరువాత కూడా బండి మళ్లీ అదే ఎత్తులో తడబడుతుంది. అనుభవజ్ఞుడైన మెకానిక్కు ముందుగా చెవి ఒగ్గుతాడు. తడబాటు లయబద్ధంగా వస్తుంటే ఏదో ఒక సిలిండరుకే జబ్బు. లయ తప్పి, ఇష్టం వచ్చినట్లు వస్తుంటే కాయిల్, కండెన్సర్, పాయింట్లు, పెట్రోలు సరఫరా వంటి అన్నింటికీ ఉమ్మడిగా ఉండేవాటిని అనుమానించాలి. నడివేసవిలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై అడ్డుపడటమూ కద్దు. పెట్రోలు పంపుపై తడిగుడ్డ కప్పి కొంతసేపు ఆగితే ఆ అనుమానం తేలిపోతుంది.

ఒక సిలిండరుదే దోషమని తోచినప్పుడు, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటిగా తొలగించి చూస్తారు. వైరు తీయగానే ఇంజను కుంగితే ఆ సిలిండరు ఆరోగ్యంగా ఉన్నట్లు. తీసినా తేడా లేకుంటే దొంగ దొరికినట్లే. వేల వోల్టులు ప్రవహించే వైరు కాబట్టి దానిని వట్టిచేత్తో పట్టుకోరాదు; పెట్రోలు కారుతున్న చోట ఈ పరీక్ష అసలే చేయరాదు.

మన ఉదాహరణలోని కారు ఈ పరీక్షలో నెగ్గుతుంది. బరువు లేనప్పుడు నాలుగు సిలిండర్లూ పలుకుతాయి. అప్పుడు ప్లగ్గులను విప్పి చూడాలి. లేత గోధుమరంగు ఆరోగ్యానికి గుర్తు. పొడిమసి పట్టితే పెట్రోలు పాలు ఎక్కువైందని, తెల్లబారితే తక్కువైందని, నూనె జిడ్డు ఉంటే రింగులో వాల్వు గైడులో అరిగాయని అర్థం. మూడు ప్లగ్గులు గోధుమరంగులో ఉండి, రెండవది మాత్రం పెట్రోలుతో తడిసి ఉంటే అక్కడ నిప్పు సరిగా పుట్టడం లేదన్నమాట. ఆ ప్లగ్గును మూడవదానితో మార్చి, బండిని మళ్లీ ఎత్తు ఎక్కించాలి. జబ్బు ప్లగ్గుతోపాటు మూడవ సిలిండరుకు మారితే తప్పు ప్లగ్గుదే. రెండవదానిలోనే నిలిచిపోతే తరువాత వైరును మార్చి చూడాలి. ఒకసారి ఒక్కదానినే మార్చాలి. ప్లగ్గు, వైరు, కండెన్సర్ అన్నీ ఒకేసారి కొత్తవి వేస్తే బండి బాగుపడవచ్చు గాని, ఏది చెడిందో ఎవరికీ తెలియదు. డబ్బు మాత్రం యజమానిదే.

వైరు మార్చినా ఫలితం లేకుంటే డిస్ట్రిబ్యూటరు మూత తీసి వెలుతురులో తిప్పి చూడాలి. రెండవ సిలిండరుకు పోయే కొన పక్కన, వెంట్రుక మందాన, పెన్సిలు గీతలా నల్లని చార ఒకటి కనబడవచ్చు. మూత బీటవారి, అందులో బొగ్గు పేరుకున్న జాడ అది. ఒత్తిడి పెరిగినప్పుడల్లా విద్యుత్తు ప్లగ్గుకు పోకుండా ఈ చార వెంట జారిపోతుంది. చీకటిలో ఇంజను నడిపితే ఇటువంటి జారుబాటు ఒక్కొక్కసారి నీలిమెరుపులా కంటికే కనబడుతుంది.

మూత కూడా బాగుంటే సిలిండరులోని ఒత్తిడిని గేజితో కొలవాలి. ఒత్తిడి తక్కువగా ఉన్న సిలిండరులో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ కొలిచినప్పుడు అంకె పెరిగితే రింగులు అరిగినట్లు, పెరగకుంటే వాల్వులను అనుమానించాలి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలోనూ ఒత్తిడి పడిపోతే వాటి నడుమ హెడ్ గాస్కెట్ కాలి ఉండవచ్చు. ఇంజను విప్పవలసిన ఈ ఖర్చుతో కూడిన పని చివరిది కావాలి.

నేటి కార్లలో కంప్యూటరు ఇంజను భ్రమణవేగంలో కలిగే అతిసూక్ష్మమైన తేడాలను బట్టి మిస్సింగ్‌ను పసిగడుతుంది. రెండవ సిలిండరు తడబడితే ‘పి 0302’ అనే సంకేతాన్ని నమోదు చేస్తుంది. అయితే ఆ అంకె సిలిండరు పేరు చెబుతుందే గాని కారణం చెప్పదు. ప్లగ్గో, కాయిలో, ఇంధనమో తేల్చడానికి మెకానిక్కు బానెట్ ఎత్తి, ఒక్కొక్కటిగా మార్చి చూడవలసిందే. పాతకారులో ఆ సంకేతం కూడా ఉండదు. సైలెన్సరు చప్పుడును విని, ప్లగ్గు మొనపై రంగును చూసి, మెకానిక్కు తానే దానిని చదువుకుంటాడు.