ట్యాబు కొనవలెనా, ల్యాప్‌టాప్ కొనవలెనా?

మన కోనసీమలో బిడ్డ పైచదువునకు బయలుదేరునపుడు ఇంటిపెద్ద యొద్దకు వచ్చు కోరికలలో నేడొకటి తప్పక యుండును: "తాతయ్యా, నాకు ట్యాబు కావలెను" అనియో, "ల్యాప్‌టాప్ కావలెను" అనియో. కొబ్బరి దింపు సొమ్మో, కువైట్ నుండి బిడ్డలు పంపిన సొమ్మో చేత నుండును. పేర్లు రెండును విన్నవే గాని వాని భేదము తెలిసినవారు తక్కువ. పనికి తగని వస్తువు కొన్నచో పోవునది సొమ్ము మాత్రమే కాదు. బిడ్డ చదువును కుంటుపడును. కావున ఆ భేదమును విచారింతము.

ట్యాబు అనగా అద్దపు పలక. వ్రేలితో తాకినచో పని జరుగును. దాని బరువు సుమారు అరకిలో. ల్యాప్‌టాప్ అనగా అక్షరముల మీటలు గలిగి, పుస్తకమువలె మడుచుటకు వీలైన కంప్యూటరు. సాధారణముగా ఒకటిన్నర మొదలు రెండు కిలోల వరకు తూగును. 1981లో అమెరికాలో వెలువడిన ఆస్‌బర్న్ అను కంప్యూటరు, చేతితో మోసికొని పోదగినదని పేరుపడియు, సుమారు 11 కిలోలు తూగెను. 2010లో ఆపిల్ కంపెనీ ఐప్యాడును విడుదల చేసిన పిమ్మట పలకలు లోకమంతట వ్యాపించినవి. ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలసిన దొక్కటి: పలక చదువుటకును, చూచుటకును, వినుటకును అనువైనది; మీటల యంత్రము వ్రాయుటకును, లెక్కలు కట్టుటకును, క్రొత్తది తయారుచేయుటకును అనువైనది.

బడి చదువును చూడుడు. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలలలోని 8వ తరగతి బాలబాలికలకు ట్యాబులు పంచుట ప్రారంభించినది. పాఠములు వానిలోనే నింపి యిచ్చిరి. ఇంటర్నెట్ లేని యింటను చూచుటకు వీలు గలిగెను. ఆ వయసునకు పలక చాలును. కాని పై మెట్టు వేరు. మన రాష్ట్రపు ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష 2017 నుండి కంప్యూటరు మీదనే జరుగుచున్నది. వ్రేలితో అద్దమును తాకుటయే యెరిగిన విద్యార్థి పరీక్షనాడు మొదటిసారి మౌసు పట్టుకొన్నచో, తెలిసిన లెక్కకును తడబడును. ఇక ఇంజనీరింగులో చేరినవారు వ్రాయు ప్రోగ్రాములును, గీయు నమూనాలును పలకపై సరిగా సాగవు. వారికి ల్యాప్‌టాప్ అవసరమే.

ఉద్యోగమును చూడుడు. 2020లో కోవిడ్ వ్యాపించినపుడు నగరములలోని కంప్యూటరు ఉద్యోగులు స్వగ్రామములకు వచ్చి, యింటనుండియే ల్యాప్‌టాప్‌లపై కొలువు చేసిరి. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురమున అల్లరులు చెలరేగగా, జిల్లాలో ఇంటర్నెట్ పలుదినములు నిలిపివేయబడెను. అపుడా యుద్యోగులు యంత్రములు చంకబెట్టుకొని, సిగ్నల్ అందు చోటు వెదకికొనుచు గోదావరి గట్లకును, యానామునకును పోయిరి. ఇందువలన రెండు సంగతులు తేలుచున్నవి. దినమంతయు వ్రాత పని గల కొలువునకు ల్యాప్‌టాప్ కావలెను. ఏ యంత్రము కొన్నను, ముఖ్యమైన పాఠములను పత్రములను దానిలోనే భద్రపరచుకొనవలెను; ఇంటర్నెట్‌నే నమ్ముకొన్న పని ఇంటర్నెట్‌తోడనే ఆగును.

ప్రయాణమునకు పలక మేలు. లంక గ్రామమునుండి పడవ దాటి, బస్సెక్కి పోవు పిల్లకు అరకిలో బరువు బరువు కాదు. ఫోను చార్జరుతోనే చాలా ట్యాబులు నిండును; నిండినచో ఎనిమిది, పది గంటలు పాఠములు చూడవచ్చును. చవక ల్యాప్‌టాప్ అంతసేపు నిలుచుట అరుదు. 1996 నవంబరు తుపానును, 2022 జులై వరదను చూచిన మనకు విద్యుత్తు లేని దినములు క్రొత్త కావు. సముద్రపు ఉప్పుగాలియు తేమయు రెంటికిని శత్రువులే. అయినను మీటల సందులును, గాలి రంధ్రములును గల ల్యాప్‌టాప్‌నకు హాని యెక్కువ. దానిని వాడనపుడు సంచిలో పెట్టి పొడిచోట నుంచవలెను.

పలకకు విడి మీటలు తగిలించి రెండు పనులను సాగింపవచ్చునని దుకాణదారు చెప్పవచ్చును. ఉత్తరములకును, చిన్న వ్రాతలకును అది చాలును. కాని రెంటి వెలయు కూడి చిన్న ల్యాప్‌టాప్ వెలను చేరుచున్నదేమో లెక్క చూచుకొనుడు.

కావున కొనబోవుటకు ముందు బిడ్డను ఒక్క ప్రశ్న యడుగుడు: "దీనితో చదివెదవా, వ్రాసెదవా?" పదవ తరగతి లోపు వారికిని, చూపు మందగించి అక్షరములు పెద్దవి చేసికొని పత్రిక చదువదలచిన మనబోటి పెద్దలకును పలక చాలును. కళాశాలకు, కొలువునకు పోవువారికి ల్యాప్‌టాప్ కొనుడు. ఇంట ఒక్కటే కొనగలిగినచో, వ్రాయవలసిన బిడ్డ పనినే ముందు చూడుడు; ఆ బిడ్డ మనుమరాలైనను సరే. మనుమనికి క్రొత్త యంత్రము, మనుమరాలికి పాత ఫోను అను పంపకము పెద్దరికమునకు తగదు.