ఇంటిపేరు ముందు

బెంగళూరు సిల్క్ బోర్డ్ దగ్గర కర్ణాటక కాలుష్య నియంత్రణ మండలి వారి గాలి నాణ్యత కేంద్రం ఉంది. హెబ్బాళ, జయనగరల్లోనూ ఉన్నాయి. ఊరంతటా అలాంటి సెన్సార్లు వెయ్యి ఉండి, ఒక్కోటి సెకనుకో అంకె పంపుతోందనుకోండి. రోజుకు 8 కోట్ల 64 లక్షల అంకెలు! దాచడం ఒక ఎత్తు, కావాలన్నప్పుడు వెతికి తీయడం ఇంకో ఎత్తు.

ఇంత డేటాకు దారి చూపింది బిగ్‌టేబుల్ అనే తన డేటా నిల్వ వ్యవస్థ గురించి గూగుల్ 2006లో ప్రచురించిన పత్రం. ఆ వ్యవస్థలో ప్రతి వరుసకూ ఒక ‘రో కీ’ ఉంటుంది. వరుసలన్నీ కీల అక్షరక్రమంలో నిలుస్తాయి. పట్టికను ముక్కలు చేసి వేర్వేరు సర్వర్లకు పంచుతారు. గూగుల్ వాళ్లు వెబ్ చిరునామాలను తిరగేసి కీలుగా వాడారు: ‘మ్యాప్స్.గూగుల్.కామ్’ కాస్తా ‘కామ్.గూగుల్.మ్యాప్స్’ అయింది. ఒకే సంస్థ పేజీలు పక్కపక్కన చేరాయి. ఇంటిపేరు ముందు రాసుకునే మనకు ఇది వింతేమీ కాదు.

మరి సెన్సార్ అంకెలకు? కాలాన్ని ముందు పెడదామనిపిస్తుంది. కానీ కాలం ముందుకే పోతుంది కనుక కొత్త వరుసలన్నీ పట్టిక చివరికే వస్తాయి. ఆ చివరి ముక్క ఉన్న సర్వర్ ఉక్కిరిబిక్కిరవుతుంది, మిగతావి గోళ్లు గిల్లుకుంటాయి. బళ్లన్నీ సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గరే పోగైనట్టు! ఇంజనీర్లు దీన్ని హాట్‌స్పాట్ అంటారు.

పోనీ, కీలను చెల్లాచెదురు చేస్తే? ఉదాహరణకు, ఆధార్ నంబరులో చివరి తనిఖీ అంకె తప్ప మిగతా 11 అంకెల్లో ఏ వరుసా ఉండదు. అక్కడ అడిగేది ఒక మనిషి గురించే కనుక ఇబ్బంది లేదు. సెన్సార్ల దగ్గర ప్రశ్న వేరు: ‘నిన్న సాయంత్రం 6 నుంచి 8 దాకా ధూళి ఎంత?’ చెదిరిన వరుసల్లో దానికి జవాబు ఏరుకోవడం గడ్డివాములో సూదిని వెతకడమే.

2010లో బయటికొచ్చిన ఓపెన్‌టీఎస్‌డీబీ అనే డేటాబేస్ మధ్యేమార్గం పట్టింది. ఇది బిగ్‌టేబుల్ బాటలో పుట్టిన హెచ్‌బేస్ మీద నడుస్తుంది. కీలో మొదట కొలత పేరుకు బదులు 3 బైట్ల సంఖ్య, తర్వాత ఆ గంట మొదలైన సమయానికి 4 బైట్లు, ఆపైన ఏ సెన్సారో తెలిపే గుర్తులు. గంటకో వరుస. గ్రీనిచ్ సమయం ప్రకారం సాయంత్రం 6:17:05కి వచ్చిన అంకె 6 గంటల వరుసలో 1025 అనే గడిలో కూర్చుంటుంది. హెచ్‌బేస్ ప్రతి గడితోనూ కీని మళ్లీ రాస్తుంది కాబట్టి ఆ బైట్ల పొదుపు చిన్నదేం కాదు.

అయినా చిక్కు పూర్తిగా విడలేదు. వెయ్యి సెన్సార్లూ కొలిచేది ధూళినే అయితే, ఆ గంట వరుసలన్నీ మళ్లీ ఒకచోటే చేరతాయి. అందుకని కీ ముందు ఒక చిన్న సంఖ్య తగిలించే పద్ధతి వచ్చింది. దాని పేరు ‘సాల్ట్’, అంటే ఉప్పే! అలా 20 సంఖ్యలు వాడితే రాతలు 20 చోట్లకు పంచినట్టవుతుంది. కానీ ఊరంతటి ధూళి లెక్క కావాలంటే 20 చోట్లా అడగాలి. ఉప్పు ఎక్కువైతే వంటే కాదు, వెతుకులాటా చెడుతుంది.

కాబట్టి పేటల వారీగా అడిగేవాళ్లు కీలో సెన్సార్ పేరు ముందు పెట్టాలి, ఊరంతా ఒకేసారి చూడాలనుకునేవాళ్లు గంట ముందు పెట్టాలి. ఈ సంగతి మొదటి అంకె రాకముందే తేల్చుకోవాలి. తర్వాత కీ మార్చాలంటే ఆ కోట్ల వరుసలన్నీ తిరగరాయాల్సిందే.