మీకు తెలుసా? నిఘా పాత్రధారి మీదే నిఘా!

చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అటక మీద కూర్చుని, కింద ఓ నాటక రచయిత ఇంట్లో వినిపించే ప్రతి మాటనూ నమోదు చేసే అధికారి. 2006లో వచ్చిన జర్మన్ సినిమా 'ది లైవ్స్ ఆఫ్ అదర్స్'లో ఆ పాత్ర వేసిన ఉల్‌రిష్ మ్యూహే తూర్పు జర్మనీ రంగస్థల నటుడు. అక్కడి రహస్య పోలీసు 'స్టాసి' నిజంగానే ఆయన మీద కన్నేసి ఉంచింది! అన్నట్టు, కుర్రతనంలో సైనిక సేవ కింద బెర్లిన్ గోడకు కాపలా కాసిందీ ఈయనే.

దర్శకుడు ఫ్లోరియన్ హెంకెల్ ఫాన్ డానర్స్‌మార్క్‌కు ఇది తొలి పూర్తి నిడివి చిత్రం. ఒకప్పటి స్టాసి జైల్లో షూటింగ్ చేసుకుంటామంటే, ఇప్పుడు స్మారక కేంద్రమైన ఆ చోటికి అప్పట్లో అధిపతిగా ఉన్న హుబెర్టస్ క్నాబే ససేమిరా అన్నారు. సినిమాలోలా మనసు కరిగి బాధితులను కాపాడిన స్టాసి అధికారి చరిత్రలో ఒక్కడూ లేడన్నది ఆయన అభ్యంతరం. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. స్టాసి పాత ప్రధాన కార్యాలయంలో మాత్రం కెమెరా తిరిగింది.

2007 ఫిబ్రవరిలో ఈ సినిమాకు ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ వచ్చింది. అదే ఏడాది జులైలో మ్యూహే కడుపు క్యాన్సర్‌తో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 54.