ఫ్రీమాంట్ నుంచి మిల్పిటాస్‌కి ఎనిమిది మైళ్ళు

లాస్ ఏంజెలెస్‌కో, యోసెమిటీకో కారులో వెళ్ళాలంటే మనవాళ్ళు ఎంత హడావుడి చేస్తారో మీకు తెలుసు. ముందురోజు రాత్రే పులిహోర కలిపి, టైర్లలో గాలి చూసుకుని, ఎక్కడ ఆగాలో కాగితం మీద రాసుకుని మరీ బయలుదేరతాం. అదే పక్క ఊరికైతే తాళాలు తీసుకుని గబగబా కారెక్కేస్తాం. కానీ ఏడాదికి రెండుసార్లు వెళ్ళే దారి కంటే వారానికి అయిదుసార్లు వెళ్ళే దారే కదండీ మన సంసారాన్ని నడిపేది! అందుకని ఈ వారం ఒక పొట్టి ప్రయాణం గురించి మాట్లాడదామనుకున్నాను. ఫ్రీమాంట్ నుంచి మిల్పిటాస్‌కి. ఇర్వింగ్టన్ నుంచి మిల్పిటాస్ సిటీ హాలు దాకా వేసుకుంటే సుమారు ఎనిమిది మైళ్ళు. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి వింటున్నవాళ్ళు మీ ఊళ్ళ పేర్లు పెట్టుకుని వినండి, చాలావరకు సరిపోతుంది.

ఎనిమిది మైళ్ళకి ఎంత సేపు పడుతుందని ఎవరైనా అడిగితే నేను "ఎప్పుడు?" అని ఎదురు ప్రశ్న వేస్తాను. ఆదివారం పొద్దున్నయితే ఫ్రీవే మీద పావుగంట కూడా పట్టదు. మంగళవారం సాయంత్రం అయిదున్నరకి అవతలి నుంచి ఇంటికి రావాలంటే ముప్పావుగంట పట్టినా ఆశ్చర్యపోను. ఎందుకలా అంటే, ముందు ఈ నేల తీరు చూడాలి.

బెజవాడ తెలిసినవాళ్ళకి ఒక్క మాటలో చెప్పొచ్చు. దుర్గగుడి దగ్గర ఒక పక్క ఇంద్రకీలాద్రి, ఒక పక్క కృష్ణ, మధ్యలో సన్నటి దారి. హైదరాబాదు వైపు బండ్లన్నీ ఆ సందులోంచే దూరాలి. 2020లో ఫ్లైఓవరు వచ్చేదాకా అక్కడ ఎంతసేపు నిలబడ్డామో మనకే తెలుసు. ఇక్కడా అదే కథ. తూర్పున మిషన్ పీక్ కొండలు, పడమట బే తాలూకు చిత్తడి నేల. మధ్యలో మిగిలిన పట్టీలోనే 680, 880 రెండు ఫ్రీవేలూ, రైలు పట్టాలూ, బార్టూ, ఊరి రోడ్డూ అన్నీ ఇరుక్కోవాలి. ఆ పట్టీ మధ్యలోనే అలమేడా, శాంటా క్లారా కౌంటీల సరిహద్దు.

ఈ దారి మనకోసమే ఉందనుకోవడం మొదటి పొరపాటు. ఇళ్ళ ధరలు తాళలేక ట్రేసీ, మౌంటెన్ హౌస్ వైపు వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు వేలమంది. అందులో మనవాళ్ళూ బోలెడుమంది. వాళ్ళు పొద్దున్నే 580 మీద ఆల్టమాంట్ కనుమ దాటి, 680 పట్టుకుని సునోల్ గ్రేడ్ దిగి, ఫ్రీమాంట్ మీదుగా సిలికాన్ వేలీకి పోతారు. సాయంత్రం మళ్ళీ అలాగే వెనక్కి. అంటే పొద్దున పోటు దక్షిణానికి, సాయంత్రం ఉత్తరానికి. మనం పోయే పొట్టి దారి వాళ్ళ పొడుగు దారిలో ఒక ముక్క అన్నమాట.

ఇందులో అసలు పీటముడి మిషన్ బులెవార్డ్. 680 నుంచి 880కి మారాలంటే ఈ చివర దాదాపు అందరూ దీని మీదే ఆధారపడాలి. స్టేట్ రూట్ 262 అంటారు, పొడవు సుమారు ఒక మైలు. రెండు పెద్ద ఫ్రీవేల మధ్య ఉన్న ఈ ముక్క మాత్రం ఫ్రీవే కాదు, సిగ్నళ్ళున్న మామూలు రోడ్డు. పేరుతో ఇంకో తిరకాసు కూడా ఉంది. 680 మీద దక్షిణానికి వస్తుంటే "మిషన్ బులెవార్డ్" అనే ఎగ్జిట్ రెండుసార్లు తగులుతుంది. మొదటిది 238 నంబరుది, పాత మిషన్ చర్చి వైపు పోతుంది. రెండోది నాలుగు మైళ్ళ కింద, ఈ 262. కొత్తగా వచ్చినవాళ్ళకి దారి చెప్పేటప్పుడు "మిషన్‌లో దిగు" అని వదిలేయకండి, నంబరు చెప్పండి.

ఇక దారుల సంగతి. మూడున్నాయి. 880 పడమటి పక్కది. ఓక్‌లాండ్ రేవు నుంచి వచ్చే పెద్ద ట్రక్కులు ఎక్కువ. ఓక్‌లాండ్‌లో 580 మీదికి భారీ ట్రక్కుల్ని రానివ్వరు కాబట్టి అవన్నీ దీని మీదే నడుస్తాయి. మీరు పోవలసింది కాలిఫోర్నియా సర్కిల్ వైపు, అంటే సిలికానాంధ్ర కార్యక్రమాలు ఎన్నో జరిగిన చోటుకైతే, 880 మీద డిక్సన్ లాండింగ్ దగ్గర దిగడం సుఖం. వేసవి సాయంత్రాలు అక్కడ కిటికీ అద్దాలు దించకండి, ఎందుకో ఒకసారి దించితే మీకే తెలుస్తుంది. లాస్ కోచెస్ వీధిలోని ఇండియా కమ్యూనిటీ సెంటర్‌కైతే 680 మీద కాలవెరాస్ ఎగ్జిట్ దగ్గర.

మూడోది ఊరి రోడ్డు. నాకు ఇష్టమైనది ఇదే. ఒకే రోడ్డుకి నాలుగు పేర్లు. ఫ్రీమాంట్‌లో డ్రిస్కాల్ రోడ్డు, వాషింగ్టన్ బులెవార్డ్ దాటగానే ఓస్‌గుడ్ రోడ్డు, ఇంకొంచెం ముందుకెళ్తే వార్మ్ స్ప్రింగ్స్ బులెవార్డ్, కౌంటీ సరిహద్దు దాటాక మిల్పిటాస్ బులెవార్డ్. స్టీరింగు పెద్దగా తిప్పే పని లేదు, పేర్లే మారుతుంటాయి. తిన్నగా పోతే కాలవెరాస్ కూడలిలో మిల్పిటాస్ సిటీ హాలు కనిపిస్తుంది. సిగ్నళ్ళు చాలా ఉన్నాయి నిజమే. కానీ దారి తప్పితే పక్కకి తీసి ఆపుకోవచ్చు. ఫ్రీవే మీద ఆ వెసులుబాటు లేదు.

ఇది ఎందుకింత వివరంగా చెబుతున్నానంటే, మా వీధిలో ఒకమ్మాయి ఉంది. తణుకు పక్క నుంచి వచ్చింది. ఇక్కడ లైసెన్సు తీసుకుని నాలుగేళ్ళయింది కానీ పిల్లాడి బడికీ, కూరగాయల కొట్టుకీ తప్ప కారు తీయదు. ఫ్రీవే అంటే హడల్. హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్ళలో కొందరికి 2015లో పనిచేసే అనుమతి ఇచ్చారు కదా, ఆ అనుమతి ఈమెకీ వచ్చింది. ఎన్నాళ్ళో వెతగ్గా మిల్పిటాస్‌లో ఉద్యోగం దొరికింది. ఒకరోజు మా ఇంటికొచ్చి, "వద్దని చెప్పేస్తున్నాను అక్కా, పొద్దున్నే ఆ రోడ్డు మీద నావల్ల కాదు," అంది. భర్త రోజూ దింపుతానన్నాడట. ఆయన ఆఫీసు ప్లెజంటన్‌లో, సరిగ్గా ఎదురు దిక్కున. ఆ ఏర్పాటు పది రోజులు కూడా సాగదని ఇద్దరికీ తెలుసు. ఆరేళ్ళు ఇంట్లో కూర్చుని, ఎనిమిది మైళ్ళ రోడ్డుకి జడిసి ఉద్యోగం వదులుకోవడమేమిటని నాకు ఉసూరుమనిపించింది.

"జవాబు చెప్పడానికి ఎన్నాళ్ళు గడువుంది?" అని అడిగాను. వారం ఉందంది. చేరడానికి ఇంకో నెల. అంత వ్యవధి చాలు.

ఆదివారం పొద్దున ఏడున్నరకి ఆమె చేతే కారు నడిపించాను, నేను పక్కన కూర్చున్నాను. ఊరి రోడ్డు మీదే. ఫోనులో దారి చెప్పే గొంతుని కట్టేయించాను. వాషింగ్టన్ దాటాక ఏ పేరు, వార్మ్ స్ప్రింగ్స్ బార్ట్ స్టేషను ఏ చేతివైపు, మిషన్ దాటేటప్పుడు ఏ లేన్‌లో ఉండాలి, ఇవన్నీ ఆమె నోటితోనే పైకి చెప్పించాను. ఆ మిషన్ కూడలిలో కుడి లేన్, ఎడమ లేన్ రెండూ ఫ్రీవేలకి తిరిగేవాళ్ళతో నిండిపోతాయి. తిన్నగా పోయేవాళ్ళు ముందే మధ్యలోకి చేరాలి. రెండో వారం అదే దారి, ఈసారి మామూలు పనిరోజు, అసలు టైముకే. ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. "ఇంతేనా అక్కా?" అంది. నెమ్మదిగా కదిలే రోడ్డు విసుగు పుట్టిస్తుందే గాని భయపెట్టదు. ఆ సాయంత్రమే వస్తానని కంపెనీకి మెయిలు కొట్టింది.

మూడో ఆదివారం ఫ్రీవే. ఒక్క ఎగ్జిట్ మాత్రమే. 262 దగ్గర 680 దక్షిణానికి ఎక్కడం, తరవాతి స్కాట్ క్రీక్ దగ్గర దిగిపోవడం. ఎడమ పక్క లేన్లలోకి పోవలసిన పనే లేదు. మళ్ళీ తిరిగొచ్చి మళ్ళీ ఎక్కడం, అలా నాలుగు సార్లు. ర్యాంప్ మీద వేగం అందుకోవడమే అందులో నేర్చుకోవలసింది. చాలామంది భయంతో నలభైలో పోయి కలవబోతారు, ప్రమాదమంతా అక్కడే. పనిరోజుల్లో ర్యాంప్ చివర చిన్న సిగ్నలు ఉంటుంది, పచ్చ వెలిగినప్పుడల్లా లేన్‌కి ఎన్ని బండ్లు వదులుతారో పక్కన బోర్డు మీద రాసి ఉంటుంది. అక్కడ ఆగిన దగ్గర్నుంచి మళ్ళీ వేగం పుంజుకోవాలని ముందే తెలియాలి. ఆ పై వారం జాక్లిన్ దాకా, ఆ పై వారం కాలవెరాస్ దాకా. ఇప్పుడామె పొద్దున ఊరి రోడ్డు మీద వెళ్తుంది, రోడ్డు ఖాళీగా ఉన్న రోజు 680 మీద వస్తుంది. ఏ రోజు ఏది అన్నది ఆమె ఇష్టం.

మీ ఇంట్లోనూ ఇలాంటివాళ్ళు ఒకరుంటారు. దారి ఎంచుకునేటప్పుడు ఇంట్లో బాగా నడిపేవాళ్ళకి ఏది దగ్గర అని కాకుండా, జంకేవాళ్ళకి ఏది కుదురుతుందో అది ముందు అందరూ నేర్చుకోండి. పిల్లాడికి జ్వరమని బడి నుంచి ఫోనొచ్చినప్పుడు దొరికేది ఆ ఒక్క మనిషే కావచ్చు.

ఇంకో సంగతి. సాయంత్రం పనులకి తిరుగు ప్రయాణాన్ని ముందు లెక్క వేయాలి. అయిదు గంటల డాన్సు క్లాసుకి మిల్పిటాస్ వెళ్ళడం కష్టం కాదు, పోటుకి ఎదురు దిక్కు కాబట్టి. ఆరింటికి క్లాసు వదిలాక ఉత్తరానికి రావడమే కష్టం. అప్పుడు ఊరి రోడ్డు కూడా మిషన్ దగ్గర బిగుసుకుపోతుంది. ఫోను చెప్పిందని సందుల్లోకి తిరగకండి. ఫ్రీవే నుంచి తప్పించుకునేవాళ్ళు ఇళ్ళ మధ్య వీధుల్లో దూరుతున్నారని ఫ్రీమాంట్ వాళ్ళు కొన్ని మలుపుల్ని రద్దీ వేళల్లో నిషేధించారు, బోర్డు చూడకుండా తిరిగితే టికెట్టు. దానికంటే అక్కడే ఓ గంట ఆగడం మేలు. మెయిన్ స్ట్రీట్‌లో మిల్పిటాస్ లైబ్రరీ ఉంది, పాత బడి భవనాన్ని కలుపుకుని 2009లో కొత్తగా తెరిచారు. పిల్లలు హోంవర్కు అక్కడే ముగించుకుంటే ఏడింటికి హాయిగా రావచ్చు. లైబ్రరీ ఏ రోజు ఎంతవరకు తెరిచి ఉంటుందో మాత్రం ముందు చూసుకోండి.

డబ్బులిచ్చి పోయే ఎక్స్‌ప్రెస్ లేన్ల గురించి చాలామంది అడుగుతున్నారు. 680 మీద దక్షిణానికి 2010లో, 880 మీద 2020లో మొదలయ్యాయి. రెండింటికీ లెక్క ఒకటి కాదు. 680 మీద కారులో ఇద్దరుంటే ఉచితం. 880 మీద ముగ్గురుండాలి, ఇద్దరైతే సగం. ఏదైనా సరే ఫాస్ట్రాక్ ఫ్లెక్స్ పరికరం ఉండి, దాని మీటని మనుషుల సంఖ్యకి సరిపడా జరపాలి. కరెంటు కారుకి స్టిక్కరుంది కదా అని ఒంటరిగా కార్‌పూల్ లేన్‌లో వెళ్ళే అలవాటున్నవాళ్ళు గమనించండి, ఆ సదుపాయం 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది. నన్నడిగితే ఎనిమిది మైళ్ళ కోసం ఎడమ చివరి లేన్‌కి పోయి మళ్ళీ కుడి చివరికి రావడం, డబ్బులూ శ్రమా రెండూ దండగ.

అసలు కారే తీయకుండా వెళ్ళే దారీ ఒకటుంది. వార్మ్ స్ప్రింగ్స్ బార్ట్ 2017లో, మిల్పిటాస్ బార్ట్ 2020 జూన్‌లో తెరిచారు. ఫ్రీమాంట్ స్టేషను నుంచి మిల్పిటాస్‌కి సుమారు పావుగంట, పొద్దునయినా సాయంత్రమయినా అంతే. అయితే ఆ స్టేషను ఉన్నది మాంటేగ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద, గ్రేట్ మాల్ దగ్గర. ఆ మాల్ ఉన్నది ఒకప్పటి ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో, 1983లో అది మూతపడితే 1994లో మాల్ అయింది. ఆ చుట్టుపక్కల పని ఉన్నవాళ్ళకి రైలు భేషుగ్గా ఉంటుంది. సిటీ హాలు వైపు పోవాలంటే మాత్రం దిగాక ఇంకో రెండు మైళ్ళ ఏర్పాటు చూసుకోవాలి.

చివరిగా, ఇంట్లో కొత్తగా లైసెన్సు వచ్చిన పదహారేళ్ళ పిల్లలుంటే ఒక మాట. కాలిఫోర్నియాలో మొదటి ఏడాది వాళ్ళు రాత్రి పదకొండు నుంచి తెల్లవారి అయిదు దాకా ఒంటరిగా నడపకూడదు. పక్కన పాతికేళ్ళు నిండిన లైసెన్సున్న పెద్దవాళ్ళు లేకుండా ఇరవై ఏళ్ళ లోపు స్నేహితుల్ని ఎక్కించుకోకూడదు. పక్క ఊరే కదా, నలుగురినీ దింపి వస్తుందిలే అని మనమే పంపిస్తుంటాం. ఇండియా నుంచి చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకి అక్కడి లైసెన్సు ఉంటే ఇక్కడ సందర్శకులుగా నడపడానికి చట్టం ఒప్పుకుంటుంది, కానీ మీ కారు ఇన్సూరెన్సు ఒప్పుకుంటుందో లేదో ముందు ఫోను చేసి కనుక్కోండి. ఒప్పుకున్నా సరే, కుడి పక్కన నడపడం అలవాటు కావడానికి ఆదివారం పొద్దున ఓస్‌గుడ్ రోడ్డు మీద మొదలుపెట్టించండి.

వచ్చే వారం కారు ఇన్సూరెన్సు కాగితాల గురించి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు, నమస్కారం.